టూరింగ్ బైక్‌కి క్రాష్ బార్స్ ఇంట్లోనే బిగించుకోవడం: పార్శిల్ విప్పిన దగ్గర్నుంచి 500 కిలోమీటర్ల చెకింగ్ దాకా

క్రాష్ బార్స్ అంటే బండి పడినప్పుడు ఇంజన్‌కీ ట్యాంకుకీ దెబ్బ తగలకుండా అడ్డుండే పైపులు, ఇవి ఇంజన్‌ని చాసీకి పట్టుకునే బోల్టుల దగ్గరే బిగుస్తాయి. వీటిని ఎలా వేసుకోవాలి, ఇంజన్ బోల్టు తీస్తే ఇంజన్ కిందకి జారిపోదా, రంధ్రం కలవకపోతే ఏం చెయ్యాలి అని శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు ఆగకుండా అడుగుతున్నారు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే పార్శిల్ ఇంటికొచ్చేస్తాది గానీ దాన్ని ఓపిగ్గా బిగించే మెకానిక్ దొరకడమే కష్టం, దొరికినా అరగంటలో అయిపోవాలంటాడు. ఇది అరగంట పని కాదు. మొదటిసారి అయితే ఒక పూట పూర్తిగా కేటాయించుకోండి.

ముందే ఒక్క మాట చెప్పేస్తాను, కింద రాసిందంతా దీని చుట్టూనే తిరుగుతాది: బోల్టులన్నీ వేళ్ళతో ఎక్కేదాకా ఏ ఒక్కదాన్నీ పానాతో బిగించొద్దు. ఈ పనిలో వచ్చే తలనొప్పుల్లో చాలావరకు ఈ ఒక్కటి పాటించకపోవడం వల్లే వస్తాయి.

1. కొనే ముందే చూసుకోవాల్సినవి

మీ బైక్ మోడల్ ఒక్కటే కాదు, ఏ సంవత్సరం బండో కూడా చెప్పి కొనండి. హిమాలయన్ 411కి చేసిన బార్ హిమాలయన్ 450కి పనికిరాదు, రెండిటికీ ఇంజనూ వేరు, చాసీ వేరు. ఎక్స్‌పల్స్ 200, వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్, 390 అడ్వెంచర్, ఏదైనా ఇదే లెక్క. "అన్ని బళ్ళకీ సరిపోతుంది" అని రాసుంటే అది కొనకండి.

బార్ ఎక్కడెక్కడ బిగుస్తుందో ఫొటోలో లెక్కపెట్టండి. ఒక పక్కకి రెండే పాయింట్లు ఉండి రెండూ దగ్గరదగ్గరగా ఉంటే, బండి పడినప్పుడు బార్ తిరిగిపోయి ట్యాంకుకో రేడియేటర్‌కో గుచ్చుకునే ప్రమాదం ఉంది. మూడు పాయింట్లు, పైగా కుడి ఎడమ బార్లని ముందు కలిపే అడ్డ పైపు ఉన్నది మంచిది, పడిన దెబ్బ ఒక్క బోల్టు మీదే పడకుండా పంచుకుంటాది.

చాసీకి వెల్డింగ్ గానీ డ్రిల్లింగ్ గానీ అడిగే బార్ అసలొద్దు. సాలూరు లారీ పనివాళ్ళకి వెల్డింగ్‌లో మంచి చెయ్యే ఉంది, కాదనను, కానీ లారీ బాడీకి వేసే అతుకు వేరు, బైక్ చాసీ పైపు వేరు. వేడి తగిలిన చోట పైపు బలం మారిపోతాది, వారంటీ విషయంలో షోరూం వాళ్ళతో గొడవ పడాల్సొస్తాది. పైగా ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తోంది. ఉన్న బోల్టు రంధ్రాల్లోనే కూర్చునే బార్ కొనుక్కోండి చాలు.

2. సామాన్లు

- సాకెట్ సెట్టు, రాట్చెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్
- రింగు పానాలు (బోల్టు తల ఒకపక్క పట్టుకోడానికి, నట్టు ఇంకోపక్క తిప్పడానికి)
- ఎల్లెన్ కీలు, సాకెట్‌కి తగిలించే రకం అయితే మేలు
- టార్క్ రెంచ్ (మనం పెట్టిన బిగువు రాగానే టక్‌మనే పానా)
- కారు జాకీ, ఒక మెత్తటి చెక్క ముక్క
- డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే, వైర్ బ్రష్, పాత గుడ్డలు
- నీలం రంగు లాక్‌టైట్ (బోల్టు వదులు కాకుండా మరకి వేసే జిగురు; ఎరుపుది వద్దు, దాన్ని విప్పాలంటే వేడి చెయ్యాల్సొస్తాది)
- గుండ్రటి ఆకురాయి, వెర్నియర్ కాలిపర్ (లావు, మందం కొలిచేది)
- కోడిగుడ్ల అట్ట ఒకటి, తీసిన బోల్టులు వరుసగా పెట్టుకోడానికి
- తోడు ఒక మనిషి, ఇది తప్పనిసరి

టార్క్ రెంచ్ కొనడం దండగ అనుకుంటే తెలిసినవాళ్ళ దగ్గర ఒక పూట అడిగి తెచ్చుకోండి, అంతేగానీ అది లేకుండా ఇంజన్ బోల్టులు బిగించొద్దు. చేతి అంచనా పాతికేళ్ళ మెకానిక్‌కి కుదరొచ్చు, మనకి కుదరదు.

3. ముందు రోజు సాయంత్రం

బండి బాగా కడిగి ఆరబెట్టండి. ముఖ్యంగా ఇంజన్ ముందు బోల్టుల చుట్టూ ఉన్న మట్టి, చైన్ గ్రీజు పూర్తిగా పోవాలి, లేకపోతే బోల్టు తీసేటప్పుడు ఆ ఇసకంతా మరలోకి వెళ్ళిపోతాది.

ఆరాక ఆ బోల్టుల మీద, నట్టుల మీద స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. మన వైపు ఇది ఇంకా అవసరం. కళింగపట్నం, బారువ, భీమిలి రోడ్డు తెగ తిరిగే బళ్ళకి ఉప్పుగాలికి బోల్టు పైకి మెరుస్తూనే ఉంటాది గానీ లోపల తుప్పుతో పట్టేసి ఉంటాది.

4. పార్శిల్ విప్పాక నేల మీద పరచండి

గోనె సంచో పాత దుప్పటో పరిచి బార్లు, బోల్టులు, బుష్‌లు (బోల్టు దూరే లోహపు గొట్టం ముక్కలు), వాషర్లు అన్నీ దాని మీద పెట్టండి. ఏది కుడి ఏది ఎడమ తేల్చుకోండి, సాధారణంగా సైలెన్సర్ వైపు బార్ ఒంపు వేరేగా ఉంటాది.

ఇప్పుడు వెర్నియర్ తీసి బోల్టులు కొలవండి. ఇది చాలామంది వదిలేసే పని. ఎం10 అంటే 10 మిల్లీమీటర్ల లావు బోల్టుకి మామూలుగా రెండు రకాల మరలు ఉంటాయి, పన్నుకీ పన్నుకీ మధ్య 1.5 మిల్లీమీటర్లది ఒకటి, 1.25ది ఒకటి. చూపుకి రెండూ ఒకటే. 1.25 మరలోకి 1.5 బోల్టు వేస్తే రెండు చుట్లు తిరుగుతాది, తర్వాత బిగుసుకుంటాది, అక్కడ పానా వేసి లాగారంటే మర పోయినట్టే. 6వ మెట్టులో పాత బోల్టు బయటికొచ్చాక, నట్టు ఎక్కించే ముందు, దాన్నీ పార్శిల్‌లో వచ్చిన అలాంటి ఇంకో కొత్త బోల్టునీ పక్కపక్కన పెట్టి ఒకదాని మరలో ఒకటి ఆనించి చూడండి, పళ్ళు పూర్తిగా కలిస్తే రెండూ ఒకటే రకం, వెలుతురు కనబడితే కాదు.

బోల్టు తల మీద దాని బలం చెప్పే గ్రేడ్ నంబరు, 8.8 గానీ 10.9 గానీ ఉండాలి. ఏ నంబరూ లేకపోతే అవి పక్కన పడేసి మంచి హార్డ్‌వేర్ షాపులో అదే సైజు, అదే మర, బండికున్న పాత బోల్టు మీద ఎంత గ్రేడ్ ఉందో దానికి తగ్గకుండా కొనుక్కోండి. బార్ ఎంత గట్టిదైనా లాభం లేదు, దాన్ని పట్టుకునే బోల్టు మెత్తదైతే.

బార్ రంధ్రాల్లో పౌడర్ కోటింగ్ మందంగా పేరుకుని ఉంటాది. గుండ్రటి ఆకురాయితో లోపల గీకి బోల్టు ఆడేలా చెయ్యండి. బోల్టు తల ఆనే చోట కూడా కోటింగ్ మరీ లావుగా ఉంటే కొంచెం పలచన చెయ్యండి, ఎందుకంటే బిగించిన తర్వాత ఆ పెయింట్ మెల్లగా నలిగి పలచబడతాది, ఆ మేరకు బోల్టు లూజైపోతాది. గీకిన చోట ప్రైమర్ ఒక చుక్క వెయ్యండి.

5. బండి నిలబెట్టడం, ఇంజన్‌కి ఊతం

ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. సెంటర్ స్టాండ్ ఉంటే దాని మీద, లేకపోతే ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని లేపి పట్టుకునే విడి స్టాండ్) మీద నిటారుగా నిలబెట్టండి. సైడ్ స్టాండ్ మీద ఈ పని చెయ్యొద్దు, బండి వాలి ఉంటే ఇంజన్ బరువంతా ఒకపక్కకి లాగి రంధ్రాలు కలవవు.

బాష్ ప్లేట్ (ఇంజన్ అడుగుని కాపాడే రేకు) ఉంటే విప్పేయండి. ఇంజన్ కింద చెక్క ముక్క, దాని కింద జాకీ. జాకీ ఆనకూడని చోట్లు: డ్రెయిన్ బోల్టు, ఆయిల్ ఫిల్టర్ మూత, సైలెన్సర్ బెండ్ పైపు. ఇంజన్ గుల్ల (క్రాంక్‌కేస్) అడుగున సమతలంగా ఉన్న జాగా చూసుకుని అక్కడే ఆనించండి.

జాకీ ఎంత ఎత్తాలి అన్నది అందరూ అడిగే ప్రశ్న. బండిని లేపడానికి కాదు, ఇంజన్ బరువు మోయడానికి మాత్రమే. చెక్క ఇంజన్‌కి తగిలాక ఇంకొంచెం, అంతే. ఎక్కువా తక్కువా అన్నది బోల్టే చెప్తాది, అది తర్వాతి మెట్టులో.

6. పాత బోల్టు తీయడం

ముందు అన్నీ ఫొటోలు తీసుకోండి, వైర్లు, క్లచ్ కేబుల్ ఎటునుంచి వెళ్తున్నాయో కనబడేలాగ.

ఇంజన్‌ని పట్టుకునే పొడుగు బోల్టు ఒకపక్క నుంచి ఇంకోపక్కకి దూసుకుని ఉంటాది. నట్టు విప్పాక బోల్టుని వేళ్ళతో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే జాకీ ఎత్తు కరెక్ట్. తిరక్కుండా పట్టేస్తే ఇంజన్ బరువు ఇంకా దాని మీదే ఉందన్నమాట, లేదా జాకీ ఎక్కువ ఎత్తేసారన్నమాట. జాకీ కొంచెం పైకి, కొంచెం కిందకి చేస్తూ ఒకరు తిప్పుతూ ఉంటే ఒక్క చోట బోల్టు ఒక్కసారిగా వదులైపోతాది. ఆ చోటే ఆపేయండి, ఇక పని అయ్యేదాకా జాకీ ముట్టుకోవద్దు. తోడు మనిషి కావాలన్నది ఇందుకే.

తీసేటప్పుడు బోల్టుని ఒకేసారి లాగేయొద్దు. కొత్త బోల్టు అదే లావుది అయితే దాని మూతిని పాత బోల్టు చివరకి ఆనించి తోసుకుంటూ పోండి, పాతది అటు బయటికొస్తుంటే కొత్తది ఇటు లోపలికి వెళ్తాది, ఇంజన్ ఒక్క క్షణం కూడా బోల్టు లేకుండా వేలాడదు. ఎడమ బార్, బుష్ ముందే కొత్త బోల్టుకి తొడిగి ఉంచుకోండి, లేకపోతే మళ్ళీ బయటికి లాగాల్సొస్తాది.

ఇలాంటి బోల్టులు రెండు మూడు ఉంటే ఒకదాని తర్వాత ఒకటి. రెండు కలిపి ఒకేసారి తీయొద్దు.

7. బార్లు వేళ్ళతో ఎక్కించడం

ఒక బార్ పూర్తిగా బిగించేసి తర్వాత రెండోది పెడదాం అనుకుంటే అడ్డ పైపు దగ్గరకొచ్చేసరికి రంధ్రాలు ఎంత లాగినా కలవవు. అందుకే రెండూ కలిపే చెయ్యాలి. వరుస ఇది:

1. ఎడమ బార్ పై బోల్టు, మూడు నాలుగు చుట్లు.
2. కుడి బార్ పై బోల్టు, అంతే.
3. ఎడమ కింద బోల్టు, కుడి కింద బోల్టు, వేళ్ళతో.
4. ముందున్న అడ్డ పైపు, దాని బోల్టులు.
5. ఇప్పుడు బార్లని చేత్తో కొంచెం ఊపి చూడండి. అన్నీ వదులుగా ఆడాలి, ఏ బోల్టూ పట్టేసి ఉండకూడదు.

ప్రతి బోల్టునీ ఎక్కించేటప్పుడు ముందు వెనక్కి, అంటే విప్పే వైపు, ఒక చుట్టు తిప్పండి. మర మరలో పడినప్పుడు చిన్నగా టక్‌మని తెలుస్తాది, అప్పుడు ముందుకి తిప్పండి. అడ్డంగా ఎక్కే ప్రమాదమే ఉండదు.

లాక్‌టైట్ ఇప్పుడే వెయ్యొద్దు. అన్నీ కలిసాయని తేలాక ఒక్కో బోల్టు తీసి, గుడ్డతో తుడిచి, ఒక చుక్క వేసి మళ్ళీ పెట్టండి. నైలాక్ నట్టు ఉన్న చోట లాక్‌టైట్ అక్కర్లేదు. ఆ నట్టులో ఉన్న నైలాన్ సుమారు 120 డిగ్రీల వరకే తట్టుకుంటాది కాబట్టి సైలెన్సర్ పైపు పక్కన మాత్రం నైలాక్ వాడొద్దు, మొత్తం లోహంతో చేసిన లాక్ నట్టు వాడండి.

8. రంధ్రం కలవకపోతే

ఇక్కడే బళ్ళు పాడవుతాయి. ఈ మధ్య ఒక షెడ్డులో విన్నాను, మెకానిక్ అంటున్నాడు, "ఏటవదు బాబూ, ఒక్క దెబ్బేస్తే కూకుంటాది." బండి కుర్రాడు మాత్రం గట్టిగానే ఆపాడు, "వద్దు బాబాయ్, అన్నీ లూజ్ చేసి మళ్ళీ ఒకసారి చూద్దాం." లూజ్ చేసాక సుత్తి అక్కర్లేకుండానే బోల్టు దిగింది.

రెండు మూడు మిల్లీమీటర్ల తేడా అయితే: అన్ని బోల్టులూ మళ్ళీ వదులు చెయ్యండి, అడ్డ పైపు ముందు తీసేయండి, జాకీ ఎత్తు సరిచూడండి, కలవని బోల్టుని మొదట ఎక్కించి మిగతావి తర్వాత పెట్టండి. చాలావరకు కలిసిపోతాది. ఇంకా కలవకపోతే బార్ రంధ్రాన్ని ఆకురాయితో ఒక మిల్లీమీటర్ వరకు పొడిగించొచ్చు, బార్‌ది మాత్రమే, బండిది కాదు.

ఐదు మిల్లీమీటర్లు, అంతకు మించి తేడా ఉంటే బార్ వెనక్కి పంపించండి. తాడుతో లాగి, రాడ్డుతో మెలేసి పెట్టొద్దు.

ఇంకో రకం తేడా ఉంది, అది కంటికి ఆనదు. రంధ్రం ఎదురుగానే ఉంటాది గానీ బార్ పట్టీకి, బండికి మధ్య సందు ఉంటాది. బోల్టు బిగిస్తే ఆ సందు మూసుకుంటాది కదా అని బిగించేస్తారు. మూసుకుంటాది, కానీ ఎలాగ? బార్ ఒంగదు, అది గట్టిది. ఇంజన్ గుల్లకున్న అల్యూమినియం చెవిని, అంటే బోల్టు దూరే భాగాన్ని, లాక్కుంటాది. పోత అల్యూమినియం ఒంగే రకం కాదు, పగిలే రకం. రోజూ ఆ లాగుడులోనే ఉండి, ఒకరోజు గోతిలో పడ్డప్పుడు పగులుతాది. చెవి పగిలితే గుల్లే మార్చాల్సి రావొచ్చు.

సందు ఉంటే వెర్నియర్‌తో కొలిచి, అంతే మందం బుష్ లేత్ షాపులో తీయించండి. చిన్న పని. నాలుగు వాషర్లు దొంతరగా పేర్చడం మాత్రం వద్దు, అవి వైబ్రేషన్‌కి జారి వదులవుతాయి. బుష్ వేసిన చోట బోల్టు కూడా అంత పొడుగుది మార్చాలి. మరలోకి కనీసం బోల్టు లావు అంత లోతు దిగాలి, అల్యూమినియం మర అయితే లావుకి ఒకటిన్నర రెట్లు.

9. టైట్ చేసే వరుస

మొదట అన్నిటినీ పానాతో మెల్లగా ఆనేదాకా తిప్పండి, కుడి ఒకటి, ఎడమ ఒకటి అలాగ మార్చిమార్చి. తర్వాత జాకీ నెమ్మదిగా దించి తీసేయండి. ఇంజన్ తన జాగాలో కూర్చున్నాకే చివరి టైట్.

టార్క్ రెండు విడతల్లో. ముందు సగం, అన్నిటికీ. తర్వాత పూర్తిగా. ఇంజన్, చాసీ బోల్టులు ముందు, అడ్డ పైపు ఆఖర్న. బోల్టు తల కదలకుండా పట్టుకుని నట్టుని తిప్పండి. రెంచ్ టక్ అనగానే ఆపేయండి, ఇంకోసారి టక్ అనిపించొద్దు.

ఎంత టార్క్ అంటే మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఇంజన్ బోల్టులకి రాసిందే ఫైనల్. బార్‌తో వచ్చిన మిగతా స్టీల్ బోల్టు, స్టీల్ నట్టు జతకి, 8.8 గ్రేడ్ అయితే, ఎం8కి సుమారు 25 న్యూటన్ మీటర్లు, ఎం10కి సుమారు 50. అల్యూమినియం మరలోకి వెళ్ళే బోల్టుకి ఈ నంబర్లు పెట్టొద్దు, అక్కడ మాన్యువల్ చూడాల్సిందే. మరకి గ్రీజు గానీ నూనె గానీ రాసి ఉంటే అదే నంబరుకి బోల్టు ఇంకా ఎక్కువ లాగుతాది, అందుకే మర పొడిగా ఉంచమనేది.

అయ్యాక ప్రతి బోల్టు తల మీద నుంచి బార్ మీదకి గోళ్ళరంగుతో ఒక గీత గీయండి. బోల్టు కదిలితే గీత విరిగినట్టు కనబడతాది, వంగి చూస్తే చాలు, పానా అక్కర్లేదు.

10. కదిలేవన్నీ చూసుకోండి

- హ్యాండిల్ పూర్తిగా కుడికి, ఎడమకి: కేబుల్ గానీ వైరు గానీ బార్‌కి ఆనకూడదు, లాగకూడదు
- ముందు బ్రేక్ పట్టి ఇద్దరూ కలిసి ఫోర్క్ గట్టిగా నొక్కండి: మడ్‌గార్డ్ బార్‌కి తగలకూడదు, ఫోర్క్ ఇంకా దిగేందుకు ఎంత మిగిలిందో అది కూడా లెక్కలో పెట్టుకోండి
- బ్రేక్ పెడల్, గేర్ లివర్: మీరు రోజూ వేసుకునే షూ తోనే చూడండి
- సైడ్ స్టాండ్ పూర్తిగా మడవాలి
- హారన్ మోగించి చూడండి, బార్ పట్టీకి ఆనితే గొంతు మారిపోతాది
- రేడియేటర్ లేదా ఆయిల్ కూలర్ ముందు గాలికి అడ్డం ఉండకూడదు, బార్‌కి బ్యాగులు కట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి
- డ్రెయిన్ బోల్టు, ఆయిల్ ఫిల్టర్ బార్ విప్పకుండా అందాలి
- సైలెన్సర్ పైపుకి, బార్‌కి మధ్య వేలు పట్టేంత సందు

11. మొదటి రైడ్

ఊళ్ళోనే మొదలుపెట్టండి, స్పీడ్ బ్రేకర్లు, గుంతలు ఉన్న రోడ్డు మీద. విజయనగరం వాళ్ళు నెల్లిమర్ల దాకా, శ్రీకాకుళం వాళ్ళు సింగుపురం దాకా వెళ్ళొస్తే చాలు. ఒక్కో గేర్‌లో ఆర్‌పీఎం మెల్లగా పెంచి వినండి, కొత్తగా గీ అనే మోత వస్తే ఏదో బోల్టు వదులుగా ఉంది, లేదా ఏదో బోల్టు లాగుడులో ఉంది.

ఇంటికొచ్చి ఇంజన్ చల్లారాక గీతలు చూసి టార్క్ రెంచ్ మళ్ళీ పెట్టండి. లాక్‌టైట్ గట్టిపడిన బోల్టు కదిలిందంటే దాన్ని అలాగే బిగించొద్దు, విప్పి, పాత లాక్‌టైట్ గీకి, కొత్తది వేసి బిగించాలి. 100 కిలోమీటర్లకి ఒకసారి, 500కి ఒకసారి ఇదే చెకింగ్, ఆ తర్వాత ప్రతి సర్వీసుకీ. ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ గానీ, సాలూరు దాటి కోరాపుట్ ఘాట్ గానీ ఈ 500 చెకింగ్ అయ్యాకే పెట్టుకోండి.

12. తేడా వస్తే ఏం చెయ్యాలి

*మర పోయింది:* ఇంకా లావు బోల్టు దూర్చే ప్రయత్నం చెయ్యొద్దు. మంచి మెషిన్ షాపులో హెలికాయిల్ (పోయిన మర జాగాలో కూర్చోబెట్టే స్టీల్ చుట్ట) వేయించండి, స్టీల్ మర కాబట్టి సరిగ్గా వేస్తే గట్టిగా నిలుస్తాది.

*బోల్టు లోపలే విరిగింది:* స్ప్రే కొట్టి ఆగండి. ఇంట్లో డ్రిల్లు పెట్టొద్దు, బిట్ పక్కకి జారితే అల్యూమినియం తినేస్తాది. లేత్ షాపు పని.

*ఒక్క బోల్టే మాటిమాటికీ వదులవుతోంది:* లాక్‌టైట్ ఇంకా వేస్తే తగ్గదు. ఆ చోట సందు ఉండుంటాది, 8వ మెట్టుకి వెళ్ళండి.

*వెల్డింగ్ అతుకు దగ్గర తుప్పు:* సముద్రం పక్క ఊళ్ళలో ఇది మామూలే. నీళ్ళ కాగితంతో రుద్ది, జింక్ ప్రైమర్, తర్వాత పెయింట్. పైపు చివర మూతలు ఊడి ఉంటే వాననీరు లోపల నిలిచి లోపల్నుంచే తినేస్తాది, కాబట్టి కింద చిన్న రంధ్రం ఉందో లేదో చూసుకుని అది పూడిపోకుండా ఉంచండి. బీచ్ రోడ్డు తిరిగొస్తే మంచినీళ్ళతో కడిగేయండి.

13. బండి పడ్డాక

బార్ ఒంగి బండి బాగుందంటే బార్ తన పని చేసింది. దాన్ని వేడి చేసి సాగదీసి మళ్ళీ వాడొద్దు, ఒకసారి ఒంగిన పైపు అదే చోట తేలిగ్గా ఒంగుతాది. బార్ ఒంగకపోయినా సరే, నిలబడి ఉండగా ఊరికే ఒరిగితే పర్లేదు గానీ రోడ్డు మీద స్పీడులో పడితే ఇవి చూడండి:

- బోల్టులు ఒక్కొక్కటీ తీసి అద్దం మీద దొర్లించండి, ఎగిరెగిరి దొర్లితే ఒంగినట్టు, మార్చేయండి
- బార్ బిగిసిన చోట చాసీ పెయింట్ మీద వెంట్రుక లాంటి గీత ఉందేమో టార్చి వేసి చూడండి
- ఇంజన్ చెవుల చుట్టూ ఆయిల్ చెమ్మ ఉందేమో గుడ్డతో తుడిచి, మర్నాడు మళ్ళీ చూడండి

చాసీ మీద గీత గానీ గుల్ల మీద చెమ్మ గానీ కనబడితే బండి నడుపుకుంటూ వెళ్ళొద్దు, ఆటో ట్రాలీలో వేసుకుని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసేవాళ్ళకి ఒకటి: బయట కొన్న యాక్సెసరీలు పాలసీలో ముందే రాయించి ఉంటేనే వాటి డబ్బులు వస్తాయి, కాబట్టి బార్ బిల్లు దాచుకుని ఈసారి రెన్యువల్‌లో రాయించండి.